తెర చీలిక

"కాదు స్వామీ! మా అమ్మగారు కాదు! ఆవిడ ఇంకా పురిటి గది గడప దాటలేదు! మీకు పుణ్యముంటుంది, ఆ అంగీ ఇలా ఇచ్చేయండి!"

కింద చర్చిలోంచి వచ్చిన ఆ కేక, పై అంతస్తులో కన్యస్త్రీలు పాడుతున్న కీర్తనను మధ్యలో తెగ్గొట్టింది.

ముందు ఆగిన గొంతు సిస్టర్ ఉమిలియానాది. పాట ఎత్తుకునేది ఆమే కాబట్టి మిగిలిన గొంతులు కూడా ఒక్కొక్కటే సన్నగిల్లి ఆగిపోయాయి. ఆ కేక ఎవరిదో ఆమెకు తెలుసు. అది బెట్టా గొంతు. చెల్లెలు జినెవ్రా ఇంట్లో పనిమనిషి.

"ఎవరాపమన్నారు?" మదర్ స్కొలాస్తికా గొంతు తగ్గించి కసిరింది. "కళ్ళు పుస్తకం మీద పెట్టండి. కింది లోకం కిందే ఏడుస్తుంది."

కళ్ళను పుస్తకం మీద పెట్టొచ్చు. చెవులనెక్కడ పెడతారు?

కింద బూట్ల చప్పుడు. మగగొంతులు. పునీత సెబాస్తియను పండగ పూజకు వచ్చిన మగవాళ్ళంతా ఆయన చిత్రం దగ్గర మూగినట్టున్నారు. చర్చి ఊడ్చే చెక్కో అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు.

"నా రెండు కళ్ళతో చూశానయ్యా! నిన్న సాయంత్రం పూజకు ముందు ఆడవాళ్ళ తలుపులోంచి బయటికి పోతోంది. ఇదే, వాళ్ళింట్లో దొరికిన ఈ అంగీ. బూడిదరంగు, నక్కబొచ్చు అంచు. ఊళ్ళో ఇంకెవరికుంది? చూడండి, మడతల్లో గీకేసిన పునీతుడి ముఖం రంగు పెచ్చులు!"

"మనిషి ముఖం చూశావా?" ఎవరో అడిగారు.

"ఆడవాళ్ళ ముఖాల్లోకి చూసే అలవాటు నాకు లేదు."

"లేకేం, నీ పెళ్ళాన్నడిగితే చెబుతుంది" అన్నాడొకడు. కొందరు నవ్వారు.

ఆ నవ్వు మీద నీళ్ళు చల్లినట్టు ఒక మెత్తని గొంతు లేచింది.

"అది నా భార్య అంగీయే. కాదనను. నిన్న మధ్యాహ్నం నుంచీ నేను దుకాణంలో ఉన్నాను, ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలీదు. ఆమే తప్పు చేసి ఉంటే మాత్రం నేను అడ్డం పడను. పునీతుడి కంటే నాకు ఇల్లెక్కువ కాదు."

"ఏం మనిషి! మనిషంటే అలా ఉండాలి" అని గుసగుసలు.

ఉమిలియానా ఆ గొంతు వినడం అదే మొదటిసారి. లత్తాంజియో. ఉన్ని బట్టల వ్యాపారి. సెబాస్తియను సోదర సంఘానికి పెద్ద. తన మరిది. తాను ఈ మఠంలో తల గొరిగించుకుని చేరిన తరవాత జినెవ్రాకు పెళ్ళయింది. పెళ్ళికొడుకును ఆమె చూడలేదు. చూడబోదు కూడా. లోపలికొచ్చిన ఆడదానికి బయటి మగవాడి ముఖం చూసే యోగం లేదు.

బిషప్పుగారి ప్రతినిధి అప్పటికప్పుడు తేల్చేశాడు. రెండు వారాల్లో వచ్చే కొవ్వొత్తుల పండగనాడు ఇక్కడే విచారణ. నేరం రుజువైతే జినెవ్రాను ఫ్లోరెన్సులో పశ్చాత్తాపం చేసుకునే ఆడవాళ్ళ ఇంటికి పంపుతారు. పొత్తిళ్ళలోని బిడ్డను అనాథల ఆసుపత్రికిస్తారు. 

"అనాథల ఆసుపత్రికెందుకు? తండ్రి బతికే ఉన్నాడుగా!" బెట్టా గొంతు.

 ఎందుకో కింద అందరికీ తెలుసు. తెలియనిది పైన ఉన్న ఉమిలియానాకొక్కదానికే.

ఆమెకు తెలిసింది వేరే. పునీతుడి ముఖం గీకింది జినెవ్రా కాదు. అసలు ఆడదే కాదు. గీకుతుండగా ఆమె చూసింది.

* * *

చూడడమే అక్కడ నేరం.

చర్చికి అడ్డంగా నిలువెత్తు గోడ ఉంది. పీఠం వైపు మగవాళ్ళు. గోడకు ఇవతల ఆడవాళ్ళు. గోడ మధ్యలో ఒక తలుపు. పూజలో క్రీస్తు శరీరమైన అప్పం పైకెత్తే క్షణంలో ఆ తలుపు తెరిస్తే ఆడవాళ్ళు మెడలు సాచి చూసుకోవాలి. సెబాస్తియను చిత్రం పీఠం పక్కన, మగవాళ్ళ వైపుంది. తలుపుకెదురుగా ఫలానా రాతిపలక మీద మోకరిస్తే ముఖం, ఒక భుజం కనపడతాయి. ఆ పలక కోసం ఆడవాళ్ళు పోట్లాడుకునేవాళ్ళు.

కన్యస్త్రీలకు ఆ పలకా లేదు. పై అంతస్తులో, పీఠానికి పక్కగా, ఇనుప జాలీ వెనక వాళ్ళ పాటల గది. జాలీకి, అప్పం ఎత్తే క్షణంలో తప్ప జరపని నల్లగుడ్డ తెర. వాళ్ళ పాట కిందికి దిగాలి. వాళ్ళ చూపు దిగకూడదు.

ఆ తెరలో ఒక చీలిక ఉంది. ఎవరు కోశారో ఎవరూ అడగలేదు. పుస్తకాలు సర్దే వంతు ఎవరిదైతే, గదిలో ఒంటరిగా ఉండే ఆ కాస్త సేపూ చీలిక వాళ్ళది. ఆ సంగతి నోటితో అనుకోకుండానే ఏళ్ళ తరబడి నడిచిపోతోంది.

చీలికలోంచి చూస్తే కింద మగవాళ్ళ ముఖాలు కనపడవు. నడినెత్తులు కనపడతాయి. చర్చిలో అడుగుపెట్టగానే మగవాడు టోపీ తీయాలి, ఆడది ముసుగు కప్పుకోవాలి. అందుకే ఉమిలియానాకు ఊళ్ళో మగవాళ్ళందరూ తెలుసు, ఒక్కడి పేరూ తెలియదు. గుండ్రటి బట్టతలాయనకు గుమ్మడికాయ అని పేరు పెట్టింది. రేగిన జుట్టువాడు పిచ్చుకగూడు. ముందు వరసలో రోజూ మోకరించే ఇంకొకడు రెండు సుడులవాడు. వాడి నడినెత్తి మీద ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిరిగిన రెండు సుడులు. రెండింటి మధ్య వేలెడు వెడల్పున తెల్ల వెంట్రుకలు.

ఈ నడినెత్తుల మధ్య ఒక్కటే ముఖం పైకెత్తి ఉండేది. సెబాస్తియనుది. చిత్రకారుడు ఆయన కళ్ళు ఆకాశం వైపు తిప్పాడు. కింద మోకరించిన మగవాళ్ళకు ఆయన దేవుడివైపు చూస్తున్నాడు. పైన చీలిక దగ్గర నిలబడిన ఆడదానికి ఆయన తనవైపే చూస్తున్నాడు.

పండగ ముందురోజు సాయంత్రం ఉమిలియానా ఆ కళ్ళ కోసమే చీలిక దగ్గరికెళ్ళింది.

చర్చి ఖాళీగా ఉంది. బూడిదరంగు ముసుగు అంగీ ఒకటి అడ్డగోడ తలుపు దాటి మగవాళ్ళ వైపుకొచ్చింది. ఎంత ధైర్యం ఈమెకు అనుకుంది ఉమిలియానా. అంగీ పీఠం ముందుకొచ్చింది. మోకాలు వంచింది. చెయ్యి దానంతటదే పైకెళ్ళి, తల మీది ముసుగు వెనక్కి లాగేసింది.

పుట్టి బుద్ధెరిగిన ఏ ఆడదీ పీఠం ముందు తల మీది బట్ట తీయదు. తీసేది మగవాడు. చిన్నప్పటి నుంచీ తీసి తీసి ఆ చెయ్యి అడగకుండానే లేస్తుంది.

ముసుగు కింద రెండు సుడులు. మధ్యలో తెల్లటి పాయ.

వాడు లేచి, కొవ్వొత్తుల మైనం గీకే కత్తి తీసుకుని, పునీతుడి ముఖం మీదికెళ్ళాడు. ముందు కళ్ళు. తరవాత ముక్కు, నోరు. ఇంకెక్కడా ముట్టుకోలేదు. ఒళ్ళంతా వదిలేసి ముఖమే గీకాడు.

ఉమిలియానా నోరు తెరిచింది. అరవలేదు. కన్యస్త్రీ గొంతు కిందికి వినపడితే అది పాటే అయ్యుండాలి. అరిస్తే "నీకెలా తెలుసు?" అంటారు. ఆ ఒక్క ప్రశ్నకే ఆమె నోరు మూతపడింది. మళ్ళీ ఊపిరి తీసుకునేసరికి ముసుగు తల మీదికొచ్చింది, అంగీ వెళ్ళిపోయింది.

* * *

పాపసంకీర్తనం వినడానికి ఫాదర్ తెబాల్దో శుక్రవారం వచ్చాడు. గోడలో గుప్పెడు కిటికీ. దానికి అవతల ఆయన చెవి.

"తెర చీలికలోంచి కిందికి చూశాను స్వామీ."

"ఏం చూశావు?"

"పునీతుడి ముఖం గీకినవాణ్ణి."

"అంతకుముందు?"

"అంతకుముందేముంది స్వామీ?"

"అంతకుముందు ఆ చిత్రాన్ని ఎన్నిసార్లు చూశావు?"

ఉమిలియానా ముసుగు అంచు ముందుకు లాక్కుంది.

"నడుముకు గుడ్డపీలిక తప్ప ఒంటి మీద ఏమీ లేని పడుచువాడి బొమ్మ. నీకెందుకు?"

"పునీతుడు కదా స్వామీ."

"మాకు పునీతుడు. ఆయన ఒంట్లో దిగిన ఆ బాణాలు చూసి మేం మా పాపాలు తల్చుకుంటాం. మీ కళ్ళు బాణాల దగ్గరే ఆగుతాయా? నిజం చెప్పు."

"ముఖం చూసేదాన్ని స్వామీ. వాడు మగవాడు, వినండి. ఆడదాని అంగీ వేసుకొచ్చాడు. పీఠం ముందు ముసుగు తీశాడు..."

"ఆడదాని అంగీలో మగవాడు!" అవతల చెవి దూరం జరిగింది. "చూశావా, చూపు చెడితే ఎంతదాకా పోతుందో! కొవ్వొత్తుల పండగ దాటేదాకా పాడొద్దు. సత్ప్రసాదం తీసుకోవద్దు."

"అలాగే స్వామీ. కానీ ఈ మాట ప్రతినిధిగారికి మీరు చెప్పండి. మా చెల్లి బిడ్డను..."

"నేనెలా చెబుతానమ్మా? పాపసంకీర్తనంలో విన్నది బయట పెట్టకూడదు. ఆ మాత్రం తెలీదూ?"

కిటికీ మూసేశాడు. ఉమిలియానా ఆ చెక్క తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. తాను చూసినదాన్ని తన చేతులతోనే తీసుకెళ్ళి నూతిలో పడేసింది.

ఇక మిగిలింది మదర్. స్కొలాస్తికా బీన్సు ఏరుకుంటూ అంతా వింది. మధ్యలో ఒక్కసారి కూడా తలెత్తలేదు.

"ఎవడు వాడు?" చివరకు అడిగింది.

"తెలీదు మదర్. నడినెత్తి చూస్తే గుర్తుపడతాను."

"నడినెత్తికి పేరుంటుందా తల్లీ?"

"రెండు సుడులు, మధ్యలో..."

"ఊళ్ళో మగవాళ్ళందర్నీ వరసగా వంగోబెట్టి తలలు చూపించమని ప్రతినిధిగారినడగనా?" మదర్ నవ్వలేదు. "ఆయన ముందు నన్నేం అడుగుతాడో చెప్పనా? చీలిక సంగతి. రేపే తాపీవాడు వస్తాడు. తెర తీసేసి ఇటుకలు కట్టేస్తాడు. ఇప్పుడు పూజలో అప్పం ఎత్తినప్పుడు తెర పక్కకు జరుపుకుని దేవుణ్ణి చూసుకుంటున్నాం. అదీ పోతుంది. పళ్ళూడిన ముసలి ఫియామ్మా ఆ ఒక్క క్షణం కోసం రోజూ మెట్లు పాక్కుంటూ ఎక్కుతుంది. పేరు లేని దొంగను పట్టివ్వడానికి దాని కళ్ళు పీకమంటావా?"

"మా చెల్లెలు మదర్..."

"నీకిక్కడ చెల్లెళ్ళు లేరు. అందరూ నీ చెల్లెళ్ళే." బీన్సు గిన్నె పక్కన పెట్టి కాసేపు చేతులు చూసుకుంది. "పునీతుడు నీవైపే చూస్తున్నాడనుకున్నావు కదూ?"

ఉమిలియానా తల దించుకుంది.

"నేనూ అనుకున్నాను" అంది మదర్. "ఫో. పని చూసుకో."

* * *

పండగ ఇంకా నాలుగు రోజులుందనగా బెట్టా బిడ్డను తీసుకొచ్చింది.

మఠం ద్వారం పక్కన గోడలో తిరుగుడు పెట్టె ఉంది. బయట సరుకు పెట్టి తిప్పితే లోపలికొస్తుంది. ఇచ్చేవాళ్ళ ముఖం పుచ్చుకునేవాళ్ళకు కనపడదు. పాలూ గుడ్లూ వచ్చే ఆ పెట్టెలోనే ఊళ్ళో పసిబిడ్డలు కూడా దీవెనలకు వస్తారు. 

"సిస్టరమ్మా, మెల్లగా తిప్పండి. బంగారుకొండ వస్తున్నాడు." గోడకు అవతల బెట్టా ముక్కు చీదింది. "అమ్మగారు పంపించారు. మళ్ళీ చూపిస్తానో లేదో, అక్కకు ఒక్కసారి చూపించమన్నారు."

పెట్టె తిరిగింది. బట్టల్లో బిగించి చుట్టిన పిల్లాడు కళ్ళు తెరుచుకుని ఉన్నాడు. ఉమిలియానా ఎత్తుకుంది. ఇన్నేళ్ళ తరవాత తన రక్తం తన చేతుల్లోకొచ్చింది.

"ఏం జరుగుతోంది బెట్టా అక్కడ? అనాథల ఆసుపత్రి ఎందుకన్నారు?"

"మీకెవరూ చెప్పలేదా తల్లీ? అంతా మంత్రసాని పెట్టిన చిచ్చు. కడుపుతో ఉన్నప్పుడు అందమైన ముఖం చూస్తే అందమైన బిడ్డ పుడతాడంది. ఎవరు చెప్పరు ఆ మాట? మా అమ్మ నాకు చెప్పింది. అందుకని అమ్మగారు రోజూ ఆ రాతిపలక మీద మోకరించి సెబాస్తియనును చూశారు. పిల్లాడు చక్కగానే పుట్టాడు. పురుడు చూడ్డానికొచ్చిన పక్కింటి మహాతల్లి ఉండబట్టలేక 'అచ్చం సెబాస్తియనే, ఆ ముక్కూ ఆ నోరూ!' అంది. మెచ్చుకోలుగానే అంది పాపం. అయ్యగారు గుమ్మంలో ఉన్నారు."

"అయితే?"

"అయితేనా? చిత్రకారుడు ఆ ముఖం ఎవర్ని చూసి గీశాడో ఊరంతటికీ తెలుసు కదమ్మా. రంగులద్దే వాళ్ళ వీధిలో నన్ని అనేవాణ్ణి. బతికున్న కుర్రాడు. రోజూ మా ఇంటి ముందు నుంచే నీలం చేతులతో పోతుంటాడు. ఆ రోజు నుంచీ అయ్యగారు పిల్లాడి ముఖం చూడలేదు. ఒక్కమాటన్లేదు. అరిచి కొట్టినా బాగుండేది."

ఉమిలియానాకు ఆ కత్తి గుర్తొచ్చింది. ఒళ్ళంతా వదిలేసి ముఖమే. ఎవరూ పోల్చి చూడకుండా.

పిల్లాడు గునిసి తల తిప్పాడు. గుడ్డటోపీ వదులై జారింది.

నెత్తి మీద పట్టులాంటి నల్లటి నూగు. అందులో రెండు సుడులు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. మధ్యలో సన్నగా, పాల చుక్క జారినట్టు, తెల్లటి గీత.

ఆమె వేలితో ఆ గీతను తాకి చూసింది. 

"సిస్టరమ్మా? ఉన్నారా?"

"బెట్టా, మీ అయ్యగారి నడినెత్తి ఎప్పుడైనా చూశావా?"

"నెత్తా? అదేం ప్రశ్న తల్లీ! ఆయన నాకంటే జానెడు పొడుగు. పగలు ఒక టోపీ, పడుకునేప్పుడు ఇంకో టోపీ. టోపీ తీసేది చర్చిలోనే. మేమేమో గోడకు ఇవతల ఉంటాం. అది మంగలికి తెలియాలి, దేవుడికి తెలియాలి. కన్నతల్లి చూసుండేది, ఆవిడ ఈయన్ని కంటూనే పోయిందట. ఎందుకు?"

తన నడినెత్తి తాను చూసుకున్నవాడు లోకంలో లేడు. లత్తాంజియో తన తల మీద ఉన్నదే కొడుకు తల మీదికొచ్చిందని ఎరగడు. ఎరగక, ఒక బొమ్మ ముఖం గీకేశాడు. ఎరగక, కొడుకును పారేయబోతున్నాడు. వాణ్ణీ, బిడ్డనూ, ఇద్దర్నీ పైనుంచి చూసిన మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది. ఆమె గోడ లోపల ఉంది.

ఉమిలియానా గబగబా చెప్పేసింది. 

"దేవుడా" అంది బెట్టా గోడకు అవతల. "భార్య అంగీ వేసుకుని!"

"వెళ్ళి జినెవ్రాకు చెప్పు. విచారణలో చెప్పమను."

"అమ్మగారు చెబితే, తప్పించుకోడానికి మొగుడి మీద తోసిందంటారు. నేను చెబితే నా నాలుక కోస్తారు. మగవాళ్ళ వైపున్నవాళ్ళు ఎవరైనా చూశారా?"

"లేదు."

"అయితే ఎవరూ చూడనట్టే తల్లీ." బెట్టా గొంతు బొంగురుపోయింది. "పిల్లాణ్ణి ఇటు తిప్పేయండి. పాలవేళయింది."

పెట్టెలో పెట్టే ముందు ఉమిలియానా ఆ రెండు సుడుల మీద ముద్దుపెట్టుకుంది. పెట్టె తిరిగింది. ఖాళీ చెక్క ఆమె వైపుకొచ్చింది.

మదర్ గదికి పరుగెత్తింది. గదిలో లేదు. పాటల గదిలో ఉంది. సూదిలో నల్లదారం ఎక్కించుకుని, చీలికను కుడుతోంది.

"పేరు దొరికింది మదర్!"

"చెప్పొద్దు." సూది ఆగలేదు. "నాకు తెలిస్తే నేను అబద్ధమాడాల్సొస్తుంది. పండగనాడు ప్రతినిధిగారు పైకొచ్చి తెర చూస్తారట. తెర ఇలాగే ఉండాలి."

"ఆ బిడ్డ వాళ్ళ బిడ్డే మదర్! చూసినదాన్ని నేనే. నేను మాట్లాడకపోతే..."

"నువ్వేం చూడలేదు. ఎక్కణ్ణుంచి చూశావు? చీలికేదీ?" దారం కొరికి తెంపింది.  "చెల్లెలి ఏడుపు ఒక ఏడాదికి అరుగుతుంది. ఇటుకలు అరగవు."

* * *

కొవ్వొత్తుల పండగ. కింద మైనం వాసన పైదాకా వస్తోంది. పాడొద్దని శిక్ష పడింది కాబట్టి ఉమిలియానా వెనక వరసలో, గోడ పక్కన నిలబడింది. ముందు నల్లటి తెర. గుడ్డివాళ్ళ లోకంలా అంతా చప్పుళ్ళే.

పూజ అయిపోయింది. ప్రతినిధి గొంతు సవరించుకున్నాడు. చెక్కో అంగీ కథ మళ్ళీ చెప్పాడు. ఈసారి ఇంకాస్త పెద్దదైంది. 

"జినెవ్రా, లత్తాంజియో భార్యా! అడ్డగోడ తలుపు దగ్గరికి రా. దాటకు."

అడుగులు. తలుపు కిర్రుమంది.

"పుట్టబోయే బిడ్డ కోసం ఈ చిత్రాన్ని చూశావా?"

"చూశాను స్వామీ." జినెవ్రా గొంతు. చిన్నప్పుడు దుప్పటి కింద కథలు చెప్పమని వేధించిన గొంతు.

"రోజూ?"

"రోజూ."

"సంతోషంగా ఉండేదా చూస్తుంటే?"

తలుపు మళ్ళీ కిర్రుమంది.

"అడుగుతున్నాను."

"అందంగా ఉండేవాడు స్వామీ. పునీతుణ్ణి అందంగా గీయించింది మీరే కదా."

మగవాళ్ళ వైపు కలకలం లేచింది. ఎవరో "సిగ్గులేదు" అన్నారు.

"బిడ్డ పుట్టాక భయమేసి ముఖం గీకావు. అవునా? లేక ఆ పెచ్చులు నీళ్ళలో కలిపి తాగుదామనుకున్నావా? ఆడవాళ్ళ వైద్యాలు మేమెరగనివి కావు."

"నేను ఇల్లు కదల్లేదు స్వామీ. అప్పటికి పురిటి శుద్ధి కాకుండా చర్చిలోకి వస్తానా? మా ఆయన్నడగండి."

"లత్తాంజియో?"

ఆ మెత్తని గొంతు, ఈసారి ఇంకా మెత్తగా: "నేను దుకాణంలో ఉన్నాను స్వామీ. చెప్పలేను. బిడ్డను చూస్తే మాత్రం నాకు ఆ గీకేసిన ముఖమే గుర్తొస్తుంది. అంతకంటే నన్నడక్కండి."

  పసివాడి ఏడుపొచ్చింది. వాణ్ణి కూడా తెచ్చారన్నమాట. ఇక్కణ్ణుంచి అటే ఆసుపత్రికి తీసుకుపోవడానికి.

ఉమిలియానా అడుగు ముందుకేసింది. మదర్ చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది. పట్టు ఉడుంపట్టు. ముందు వరసలో ముసలి ఫియామ్మా, తెర జరిపే క్షణం అయిపోయినా ఇంకా తెరవైపే చూస్తూ కూర్చుంది. ఆ ముఖం చూసి ఉమిలియానా ఆగిపోయింది. ఏ వైపు కదిలినా ఎవరివో కళ్ళు తొక్కాలి.

"ఆచారం ప్రకారం అడుగుతున్నాను" ప్రతినిధి అన్నాడు. "ఈ విషయంలో ఎవరికైనా, ఏమైనా తెలిసి ఉంటే ఇప్పుడే చెప్పాలి."

మగవాళ్ళ వైపు ఎవరూ పలకలేదు. ఆడవాళ్ళ వైపు అడగనేలేదు. పైకి చూసి ఎవరూ అడగరు.

పసివాడు ఏడుస్తూనే ఉన్నాడు.

"ముసుగు తీసింది" అంది ఉమిలియానా.

పాడే గొంతు అది. రాతి కప్పుకు తగిలి చర్చి నాలుగు మూలలకూ పోయింది. కింద ఎవరో కెవ్వుమన్నారు. ఎవరో సిలువ గుర్తు వేసుకుంటూ దేవదూత అన్నారు.

"ఎవరది?" ప్రతినిధి గొంతు పైకి తిరిగింది.

"సిస్టర్ ఉమిలియానా. ఆ అంగీ వేసుకొచ్చిన మనిషి పీఠం ముందు ముసుగు తీసింది స్వామీ. మీలో ఎవరి భార్యైనా, ఎవరి తల్లైనా పీఠం ముందు తల మీది బట్ట తీస్తుందా?"

 మదర్ పట్టు ఇంకా బిగుసుకుంది. తరవాత, ఎందుకో, వదులైంది.

"నువ్వెలా చూశావు?"

వచ్చింది. ఆ ప్రశ్నే వచ్చింది.

"చూడకూడదని తెలిసే చూశాను. తెర చీల్చింది నేను. నేనొక్కదాన్నే." ఆ అబద్ధం ఎవరికైనా పనికొస్తుందో లేదో ఆమెకు తెలియదు. "ముసుగు కింద మగవాడి తల. నడినెత్తి మీద రెండు సుడులు, ఎదురెదురు తిరిగినవి. మధ్యలో తెల్ల వెంట్రుకలు. ఆ పసివాడి టోపీ తీసి చూడండి. అవే సుడులు. అదే తెలుపు. వాడి తండ్రి ఎవరో దేవుడు వాడి తల మీదే రాసి పంపాడు. పై నుంచి చూసేవాళ్ళకు తప్ప కనపడదు."

కింద బట్టల రెపరెప. బెట్టా గొంతు: "చూడండయ్యా, చూడండి!" ఆ తరవాత ఏం జరుగుతోందో తెలియలేదు. ఎవరైనా వంగి చూశారా? నమ్మారా? నవ్వుకుంటున్నారా? ఆమె ముఖానికి జానెడు దూరంలో నల్లగుడ్డ, దాని మీద మదర్ వేసిన కుట్లు. ఏమీ కనపడదు.

"ఆ గదికి రేపటికల్లా గోడ లేవాలి." ప్రతినిధి ఎవరితోనో అన్నాడు. ఫియామ్మా నోటి నుంచి సన్నటి మూలుగు వచ్చింది. "సిస్టర్! సుడులూ తెల్ల వెంట్రుకలూ నాకొద్దు. ఒక కన్యస్త్రీ మాట మీద ఊరి మగవాళ్ళ తలలు వెదకను. పేరుంటే చెప్పు. లేకపోతే నోరు మూసుకో."

ఉమిలియానా తెర మీద అరచేయి ఆనించింది. చీలిక ఉండే చోట కుట్టు గరుకుగా తగిలింది. ఆ కుట్టు అవతల, ముందు వరసలో, టోపీ చేత్తో పట్టుకుని ఒక మగవాడు నిలబడి ఉంటాడు. వాడి ముఖం ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు.

"లత్తాంజియో" అంది. "నా చెల్లెలి మొగుడు లత్తాంజియో."